కాకి మీద రాళ్లు

మహారాష్ట్రలోని సాంగ్లీలో వినాయక్ ఖోత్‌ని ఎరగనివాళ్లు తక్కువ. పగలు చక్కెర మిల్లులో గుమాస్తా, గణపతి ఉత్సవాలొస్తే మండపాల్లో జనాన్ని నవ్వించే మొనగాడు. ఆ ఉదయం కూడా అద్దం ముందు నిలబడి సాయంత్రం కార్యక్రమానికి సాధన చేస్తున్నాడు. ముక్కు మూసుకుని, భుజాలు ఎగరేసి, "మా ఆవిడకి కాకి ముట్టిందర్రా! మూడు రోజులూ గరిటె నాకే! కావ్... కావ్!" అన్నాడు. నెలసరిని అక్కడి ఇళ్లలో అలాగే అంటారు. ఈ ఒక్క ముక్కకే జనం పొట్టలు పట్టుకుంటారు.

ఏడో తరగతి చదివే కూతురు ముగ్ధ ఇంకా దుప్పటి ముసుగులోనే ఉంది.

"ఏమే, బడికి వేళవుతుంటే ఈ ముసుగేంటి?"

"నేను వెళ్లను బాబా. ఇవాళే కాదు, ఇంకెప్పుడూ."

"ఎవరేమన్నారో చెప్పు, వాళ్ల సంగతి నేను చూస్తా!"

"ఆ చూసేదేదో అద్దంలో చూసుకోండి," అంది అతని భార్య సులేఖ. అటుకుల పోహే కలుపుతున్న చేత్తోనే గుమ్మంలోకి వచ్చింది. "నిన్న బడికి డాక్టరమ్మ వచ్చిందట. ఆడపిల్లల్ని హాల్లో కూర్చోబెట్టి, తలుపులేసి నెలసరి గురించి చెప్పింది. మగపిల్లల్నేమో క్రికెట్ ఆడుకోండని తోలేశారు. వీళ్లు బయటికి రాగానే వాళ్లంతా వరసగా నిలబడి కావ్ కావ్ అన్నారు. ముక్కు మూసుకుని, భుజాలు ఎగరేసి. అచ్చం మీలాగే!"

"'మీ నాన్న జోకే కదా, నీకు రోషమెందుకు?' అన్నారు." ముసుగులోంచే అంది ముగ్ధ.

వినాయక్‌కి చురుక్కుమంది. "నవ్వుకోడానికన్న మాటలవి! మీ అమ్మ కూడా ముందు వరసలో కూర్చుని నవ్వేది కదా?"

"నవ్వక ఏం చెయ్యను? ఊరంతా నా వైపు తిరిగి చూస్తుంటే లేచి వెళ్లిపోనా? అయినా ఆ మూడు రోజులూ మీరు గరిటె పట్టిందెప్పుడండీ? నడుం విరిగిపోతున్నా వండింది నేను. పద్నాలుగేళ్లు నన్నంటే పడ్డాను. దాని చదువు ఆగిపోతే మాత్రం ఊరుకోను!"

ఆమె ఎప్పుడూ అంత గట్టిగా మాట్లాడలేదు. అతను మంచం అంచున కూలబడ్డాడు. నెమ్మదిగా అన్నాడు.

"ముగ్ధా... నాకు ఎనిమిదేళ్లప్పుడు మా అమ్మ మూడు రోజులు పెరట్లో చాప మీద పడుకుంది. ఎందుకని అడిగితే, కాకి ముట్టిందిరా, దగ్గరికి రాకు అన్నారు. నేను నిజమనుకున్నా. జేబుల నిండా రాళ్లేసుకుని డాబా ఎక్కి, పొద్దుగూకేదాకా కాకుల్ని తరిమా. అమ్మని మళ్లీ ఏ కాకీ ముట్టకూడదని."

ముసుగు కొంచెం కిందికి జరిగింది. "నిజంగానా?"

"ఒట్టు. పక్కింటి పెంకు కూడా పగలగొట్టా."

ముగ్ధ ఫక్కున నవ్వింది. నవ్వుతూనే ఏడ్చేసింది. "మరి అసలు సంగతి నీకెవరు చెప్పారు బాబా?"

వినాయక్ తల అడ్డంగా ఊపాడు. "ఎవరూ చెప్పలేదమ్మా. మమ్మల్నీ ఆటలకే తోలేశారు. తక్కిందంతా జోకుల్లో విన్నదే." అతని కళ్లు నిండాయి. "అమ్మ కోసం రాళ్లు పట్టుకున్నవాణ్ణి, చివరికి నేనే కాకినయ్యాను. తప్పయిపోయింది తల్లీ. నిన్న ఏం నేర్పారో నాకు చెప్తావా?"

ముగ్ధ కళ్లు తుడుచుకుని సంచీలోంచి డాక్టరమ్మ ఇచ్చిన పుస్తకం తీసింది. బొమ్మ చూపించి, టీచరులాగే వేలు పెట్టి ఒక్కొక్కటీ చెప్పింది. అతను మధ్యలో రెండు ప్రశ్నలు అడిగాడు. వంటింట్లో సులేఖ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"బాబా, నువ్వూ బడికి రా. ఈ రాళ్ల కథ వాళ్లకి చెప్పు. నీ మాటైతే వింటారు."

వేలమంది ముందు తడబడని మనిషి ఈ మాటకి తడబడ్డాడు.

"ముందు నువ్వు తయారవ్వు, కలిసే వెళ్దాం," అని, వినాయక్ స్కూటర్ తాళం కోసం వెతుక్కోవడం మొదలెట్టాడు.