నదివాకిలి శాసనం

జుమ్రా కుర్చీలో కూర్చోలేదు. తలుపు దగ్గరే నిలబడి, "మా తాతని దొంగ అన్నారమ్మా," అంది.

డిటెక్టివ్ దెసాంకా పొయ్యి మీది కాఫీ దించి, ఒక కప్పు ఆమె చేతికిచ్చింది. సహాయకుడు ఒగ్న్యెన్ నోటుబుక్కు తెరిచాడు.

డాన్యూబ్ ఒడ్డున ఉన్న ఒట్టోమన్ల కాలపు కోటకు జుమ్రా తాత రిఫాత్ ముప్ఫై ఎనిమిదేళ్ళుగా కావలివాడు. నదివాకిలి మీద మనిషి పొడవున పాలరాతి శాసనం ఒకటి ఉండేది. నెల కిందట కోట మరమ్మతులు మొదలైన దగ్గర్నుంచి వాకిలికి గుడ్డ తెర కట్టేశారు. శుక్రవారం పొద్దున తెర తీస్తే రాయి లేదు. కోట అధికారి రాదివోయ్ పోలీసులకు రిఫాత్ పేరిచ్చాడు. అంతటితో ఆగక, మంగళ, శుక్రవారాల్లో జరిగే సంతలో ఆ రోజే మైకు పట్టుకుని దొంగంటూ పేరు చదివాడు. వారంలోగా కోటలోని గది ఖాళీ చెయ్యమన్నాడు.

"కోట చూడ్డానికి మంత్రిగారు వచ్చేలోగా దొంగ దొరకాలట. ముసలాయన దొరికాడు," అంది జుమ్రా.

సోమవారం మధ్యాహ్నానికి ముగ్గురూ కోట చేరారు. టికెట్ల గది దగ్గర రాదివోయ్ ఎదురొచ్చాడు. గది కొత్తది, సున్నం వాసన ఇంకా పోలేదు. దెసాంకా లోపలికి అడుగు పెట్టబోయి గడప వైపు చూసింది. కోటలో ప్రతి గడపా ఇటుకే. ఇది మాత్రం తెల్లటి పాలరాయి. అంచున రూపాయి బిళ్ళంత సీసపు మచ్చలు రెండున్నాయి.

"రాయి చివరిసారి ఎప్పుడు చూశారు?"

"గురువారం సాయంత్రం. నేనే తెర ఎత్తి చూశాను. ఉంది. తెల్లారేసరికి లేదు."

"వాకిలి తాళం ఎవరి దగ్గర?"

"కావలివాడి దగ్గరే. ఇంకెవరి దగ్గరుంటుంది?"

"అంత బరువు ఆ వయసులో మోశాడా?"

"మనుషుల్ని పెట్టుకునుంటాడు. వాళ్ళకి చుట్టాలకి కొదవా?" అని నవ్వాడు. ముస్లింలను ఎత్తిపొడిచే ఆ "వాళ్ళు" అన్న మాట విని ఒగ్న్యెన్ చేతిలో పెన్సిలు విరిగింది.

మరమ్మతుల మేస్త్రీ మిలుటిన్‌ను అడిగితే, అతను చెప్పులు చూసుకుంటూ మాట్లాడాడు. పని మొదలైన రోజే తాళం తమకిచ్చారనీ, తెర వెనక్కి రిఫాత్‌ను రానివ్వలేదనీ ఒప్పుకున్నాడు. "అది అధికారిగారి ఆర్డరండీ," అన్నాడు.

నదివాకిలి పైన రాయి ఉండాల్సిన చోట ఖాళీ గూడు. దాని అంచున తుప్పు పట్టిన ఇనుప మేకులు, వాటిని బిగించడానికి చుట్టూ కరిగించి పోసిన సీసం. గూటి మూలలో వానకోయిల పిట్టలు కట్టిన మట్టిగూడు ఎండి గట్టిపడింది. లోంచి నాలుగు పసుపుపచ్చ నోళ్ళు తెరుచుకుని అరుస్తున్నాయి. తల్లి పిట్ట పురుగు పట్టుకొచ్చింది. దెసాంకా చాలాసేపు తలెత్తి చూసింది.

"ఆ రాతి మీద ఏముండేది తాతగారూ?" అక్కడికొచ్చిన రిఫాత్‌ను ఒగ్న్యెన్ అడిగాడు.

"ఈ వాకిలి కట్టిన నలభై మంది రాతిపనివాళ్ళ పేర్లు బాబూ," అన్నాడు రిఫాత్. "మీవాళ్ళూ, మావాళ్ళూ, పక్కపక్కనే."

సాయంత్రం దెసాంకా పోలీసు ఇన్‌స్పెక్టర్‌తో సహా అందరినీ వాకిలి కింద నిలబెట్టింది.

"రాదివోయ్‌గారూ, గురువారం ఇక్కడ రాయుందన్నారు. మరి ఈ పిట్టలు ఎక్కడ కట్టుకున్నాయి గూడు? తెర పై సందులోంచి మట్టి తెచ్చి కట్టడానికి వారం పైనే పడుతుంది. గుడ్లు పొదగడానికి ఇంకో రెండు వారాలు. ఈ పిల్లలు చెబుతున్నాయి, రాయి పోయి కనీసం మూడు వారాలైందని. అప్పుడు తాళం రిఫాత్ దగ్గర లేదు. తెర వెనక ఉన్నది మేస్త్రీ మనుషులే."

"పిట్టల సాక్ష్యమా!" అన్నాడు రాదివోయ్.

"పిట్టలు చాలకపోతే టికెట్ల గది గడప పెకలించండి. ఆ సీసపు మచ్చల మధ్య దూరం, ఈ మేకుల మధ్య దూరం ఒకటేనేమో కొలవండి."

మిలుటిన్ ముందుకొచ్చాడు. "దించేటప్పుడు రాయి రెండు ముక్కలైందండీ. చెబుదామంటే ఈయన, మంత్రి ముందు నా పరువేం కావాలి అని, బోర్లా వేసి గడప చెయ్యమన్నాడు. రెండో ముక్క మెట్ల కింద ఉంది."

ఒగ్న్యెన్ ముఖం ఎర్రబడింది. మూడు వారాలుగా జనం నలభై పేర్ల మీద బూట్లతో నడిచారు. ఆ పైన, ఆ పేర్లను కోటకొచ్చే పిల్లలకు చదివి వినిపించే మనిషికే దొంగ ముద్ర.

రాదివోయ్ చెయ్యి చాచాడు. "పొరపాటైపోయింది రిఫాత్. గది నీకే ఉంచుతాలే. మనలో మనం..."

రిఫాత్ ఆ చెయ్యి వైపు చూడలేదు. "రేపు మళ్ళీ సంత రోజు. మైకు పట్టుకోండి," అన్నాడు.

ఇన్‌స్పెక్టర్ తోడుండగా, మర్నాడు రాదివోయ్ సంత నడుమ నిలబడి రిఫాత్ దొంగ కాదని గొంతులోనే గొణిగాడు.

"వినబడలేదు!" జుమ్రా అరిచింది.

అతను మళ్ళీ చెప్పాడు. చేపలమ్మే ఆవిడ కత్తి పక్కన పెట్టి, "మాకూ వినబడలేదయ్యా!" అంది. తర్వాత మిరపకాయల వాడు, తర్వాత రొట్టెల కొట్టు వాళ్ళు అదే మాటన్నారు.

ఐదోసారి రాదివోయ్ గొంతు చించుకుని చెప్పాడు. రిఫాత్ టోపీ తీసి చివరి మాట దాకా విన్నాడు. తర్వాత టోపీ పెట్టుకుని, శాసనం ముక్కలు కడగడానికి బకెట్టు కొనుక్కుని కోట వైపు నడిచాడు.