ముప్పయ్యో వేవ్

లిఫ్ట్ తలుపులు తెరుచుకునేసరికి గేమ్ డిజైనర్ గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. చొక్కా మీద చిన్న చిల్లు. చేతిలోని ఫోన్‌లో ఆట ఇంకా నడుస్తూనే ఉంది. బొమ్మ కోట మీదికి బొమ్మ సైనికులు వరసకట్టి వస్తున్నారు. కాల్చడానికి ఒక్క టవర్ కూడా మిగల్లేదు.

మధ్యాహ్నానికి ఆ ఫోన్ చీఫ్ టేబుల్ మీదికి చేరింది. ఎదురుగా ఏజెంట్ నత్త. ఎంత తొందర పనికైనా తాపీగా బయల్దేరతాడని డిపార్ట్‌మెంట్ పెట్టిన పేరది. ఇంట్లోవాళ్ళకి మాత్రం అతను ఏసీ మెకానిక్.

"టవర్ డిఫెన్స్ గేమ్. ఎప్పుడైనా ఆడావా?"

"లేదు సార్."

"దారి పొడవునా టవర్లు కట్టి, వచ్చే శత్రువుల్ని ఆపాలి. ఒక్కో దాడినీ వేవ్ అంటారు. నిన్నటిదాకా నేనూ ఆడాను." చీఫ్ ఫోన్ ముందుకు తోశాడు. "ఈ మ్యాప్ చూడు. గేటు, పైపుల గోడ, యార్డు, మధ్యలో బావి. ఎక్కడో చూసినట్టు లేదూ?"

నత్త ఫోన్ దగ్గరికి లాక్కున్నాడు. "మన వాటర్ ప్లాంట్."

"ఊరంతా తాగేది ఆ నీళ్ళే. ఈ ఆటని ఒక విదేశీ ముఠా నడుపుతోంది. నిజంగా మన కాపలా ఉన్నచోటే టవర్లు పెట్టారు. మనవాళ్ళు లక్షలమంది సరదాగా కాపలా కాస్తుంటే, ఏ దాడిని ఎవరూ ఆపలేరో వాళ్ళు నేర్చుకుంటున్నారు. ముప్పయ్యో వేవ్‌ని ఇంతవరకూ ఒక్కడూ ఆపలేదు."

"కాపలా పెంచితే?"

"గార్డుల్లో వాళ్ళ మనిషి ఉన్నాడు. ఎవడో తెలీదు. మనం కదిలితే ప్లాన్ మార్చేస్తారు. ఆ ఆట తయారుచేసే స్టూడియోలో మన డబుల్ ఏజెంట్ ఉంది. కోడ్ నేమ్ మెరుపు. నిజంగా ఎవరి మనిషో నాకూ అనుమానమే. వెళ్ళి కలువు."

మెరుపు పేరుకు తగ్గట్టే ఉంది. నల్ల సిల్కు చొక్కా, ఎర్ర లిప్‌స్టిక్. నత్త టూల్ బ్యాగుతో ఆమె అద్దాల గదిలోకి వెళ్ళాడు.

"ఏసీ కారుతోందా మేడమ్?"

"కారట్లేదు. ఏడుస్తోంది."

కోడ్ కలిసింది. నత్త స్టూలెక్కి ఏసీ మూత విప్పాడు. స్క్రూడ్రైవర్ పిడిలోని జామర్ నొక్కాడు. గదిలో మైకులన్నీ మూగబోయాయి.

"ఆ వేవ్ డిజైన్ చేసింది నేనే," అందామె. "ఎవరూ ఆపలేనిది కావాలన్నారు. పనిలో నాకు వంక పెట్టినవాళ్ళు లేరు."

"ఆపే దారే లేదా?"

"ఒకటుంది. గేటు టవర్ గట్టిగా ఉంటే వేవ్ పైపుల గోడవైపు తిరుగుతుంది. అక్కడ ఎవరూ ఆపలేరు. గేటు ఖాళీగా ఉంటే అనుమానపడి అటే పోతుంది. గేటు టవర్ కాసేపు పోరాడి కూలిపోవాలి. అప్పుడే మొత్తం వేవ్ యార్డులోకి దూరుతుంది. వెనక తలుపు మూసేసి కాల్చాలి. లిఫ్ట్‌లో పోయినవాడు మీకు చెప్పాలని బయల్దేరింది ఇదే."

"ఎప్పుడు?"

"రేపు సాయంత్రం, షిఫ్ట్ మారేటప్పుడు."

"నిన్నెందుకు నమ్మాలి?"

"నమ్మొద్దు. ఇంకో దారి దొరికితే నాకూ చెప్పు."

ఇంకో దారి దొరకలేదు. తెల్లారేదాకా చీఫ్ మ్యాప్ ముందే కూర్చున్నాడు. చివరికి అడిగాడు. "గేటు దగ్గర డ్యూటీ ఎవరిది?"

"మా బావది సార్. అక్క మొగుడు. ఆ ఉద్యోగం నేనే వేయించాను."

చీఫ్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "గేటు మామూలుగానే ఉండాలి."

"తెలుసు సార్. రెండో గార్డుగా నేను వెళ్తాను."

సాయంత్రం గార్డు యూనిఫాంలో నత్తని చూసి బావ పగలబడి నవ్వాడు. "ఏరా బామ్మర్దీ, ఏసీల పని మానేశావా?"

"బేరాల్లేవు బావా."

"మా ఇంట్లో ఏసీ బాగుచేసినప్పుడే అనుకున్నా."

ప్లాంట్ కప్పు మీద కూలీల వేషంలో డిపార్ట్‌మెంట్ షూటర్లు తారు పూస్తున్నట్టు నటిస్తున్నారు. నత్త గొంతు సవరించుకున్నాడు. "బావా, అక్కకి ఒంట్లో బాలేదట. నువ్వు ఇంటికెళ్ళు, ఇక్కడ నేను చూసుకుంటా."

"ఇప్పుడే ఫోన్లో తిట్టింది. గొంతు ఖంగుమంటోంది. అబద్ధం ఆడటం కూడా చేతకాదు, ఎలా బతుకుతావురా నువ్వు?"

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. వెనక గార్డు రూమ్ కిటికీలోంచి నలుగురు చూస్తున్నారు. వాళ్ళలో ఒకడు ముఠా మనిషి. బావ పరిగెత్తితే వాడు ఫోన్ చేస్తాడు. నత్త నిజాన్ని మింగేశాడు. బావ ఫ్లాస్కు మూతలో కాఫీ పోసి అతనికిచ్చాడు.

అది తాగకముందే పైపుల రిపేరు బోర్డులతో రెండు లారీలు వచ్చాయి.

"గేట్‌పాస్?" బావ చెయ్యి అడ్డంపెట్టాడు.

తూటా అతని కడుపులో దిగింది. అయినా పక్కకి తప్పుకోలేదు. రెండు చేతులతో గేటు కమ్మీ పట్టుకుని వేలాడాడు. నత్త తుపాకీ ఖాళీ అయ్యేదాకా కాల్చాడు. భుజంలో నిప్పులు పోసినట్టయింది. లారీలు గేటుని విరగ్గొట్టుకుని యార్డులోకి దూసుకుపోయాయి. వెనక ఇనుప తలుపు దడాలున పడింది. కప్పు మీదినుంచి తూటాల వాన మొదలైంది. ఒకడు మాత్రం బావి మూత తీసి విషం డబ్బా వంచబోయాడు. ఆఖరి తూటా వాడికే తగిలింది. డబ్బా గట్టుకి ఇవతల పడి దొర్లింది. బావిలో ఒక్క చుక్క పడలేదు.

నత్త పాక్కుంటూ వెళ్ళి బావ తల ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఆపలేకపోయానురా," అన్నాడు బావ, సిగ్గుపడుతున్నట్టు. "గేటు పోయింది."

ఆపకూడదన్నదే ప్లాన్ అని నత్త చెప్పలేకపోయాడు. చెప్పేందుకు ఎక్కువసేపు లేకపోయింది కూడా.

ఆస్పత్రికి చీఫ్ వచ్చాడు.

"మెరుపు?" అడిగాడు నత్త.

"ఆచూకీ లేదు. శవమూ దొరకలేదు. స్టూడియో ఖాళీ. ఆట మాత్రం ఇంకెక్కడినుంచో నడుస్తోంది. పొద్దున కొత్త మ్యాప్ వదిలారు. అదెక్కడిదో పోల్చుకోలేకపోతున్నాం."

"అక్కకి ఏం చెప్పారు?"

"ఆయన దొంగల్ని అడ్డుకుంటూ పోయాడని. నువ్వు ఎవరింట్లోనో ఏసీ బిగిస్తూ పడ్డావని."

నత్త గోడవైపు తిరిగి పడుకున్నాడు.

చీఫ్ వెళ్ళాక సెలైన్ మార్చడానికి నర్సు వచ్చింది. చేతిలో ఫోన్. "మీరేమైనా ఆడతారా సార్? ఈ ముప్పయ్యో వేవ్ దగ్గర ప్రాణం పోతోంది."

నత్త తెర వంక చూశాడు. అదే గేటు, అదే బావి. తర్వాత గేటు టవర్‌ని కూలిపోనివ్వమని చెప్పాడు. ఆమె అలాగే చేసింది. ఫోన్ గెలుపు పాట పాడింది.

"అబ్బ, ఇంతేనా!" అంది నర్సు. "పోతే ఒక్క టవరేగా సార్."