ఆరు గంటల నీళ్ళు

విల్మార్‌తో వాదించడం కంటే కరెంటు సంస్థతో వాదించడం నయమని సుల్మా ఎప్పుడో తేల్చుకుంది. సంస్థవాళ్ళు కనీసం ఫోనెత్తి, మీ ఇబ్బంది మాకర్థమైంది అంటారు. అదే సంస్థ కంట్రోల్ రూములో ముప్ఫై నాలుగేళ్ళు పనిచేసిన ఆమె మొగుడు మాత్రం ఆ ఒక్క మాటా నేర్చుకోకుండానే రిటైరై ఇంటికొచ్చాడు.

ఆ బుధవారం పొద్దున కూడా థర్మోస్ చంకలో ఇరికించుకుని, మాతే ఆకుల కషాయం గొట్టంతో పీలుస్తూ, ఫ్రిజ్ తలుపు మీద కాగితం మార్చాడు. బట్టల మిషన్ ఎప్పుడు, ఇస్త్రీ ఎప్పుడు, ఓవెన్ ఎప్పుడు అని రోజుకో కాగితం. రాత్రంతా జూలై చలిగాలి విసిరి కొట్టింది కాబట్టి గాలిమరల కరెంటు బోలెడుందని, బట్టలు ఇప్పుడే వేసెయ్యమని చెప్పాడు. సాయంత్రం ఐదు నుంచి పది దాకా మాత్రం దీపాలూ టీవీ తప్ప ఇంకేదీ వెయ్యడానికి లేదు. ఈ వేళలు తప్పితే ఉరుగ్వే దేశం మొత్తం తన వంటింటి వల్లే చీకటైపోతుందేమోనని సుల్మాకి అప్పుడప్పుడూ అనుమానం వచ్చేది.

అలాగని అతనిది ఉత్త చాదస్తమని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. ఊరంతా ఒక్కసారే పొయ్యీ హీటరూ గీజరూ వేసే ఆ సాయంత్రం వేళే నూనె కాల్చే కేంద్రాల్ని నడపాల్సి వస్తుంది. వానలు మొహం చాటేసి డ్యాములు అడుగంటిన ఏడాది ఏ పేటని ఎంతసేపు చీకట్లో ఉంచాలో తేల్చే పని విల్మార్ మీద పడింది. ఆ రోజుల్లో పళ్ళెం ముందు కూర్చుని, తినకుండానే లేచిపోయేవాడు. అందరూ తలా కాస్త సర్దుకుంటే ఆ గతి మళ్ళీ పట్టదన్నది అతని నమ్మకం. అందుకే గీజరుకి చిన్న పెట్టె బిగిస్తాం, రద్దీ వేళ కాసేపు మేమే ఆపుకుంటాం అని సంస్థవాళ్ళు అడగ్గానే ఎగిరి గంతేసి సంతకం చేశాడు. పైగా తన వంతుగా గీజరుకి ఇంకో గడియారం కూడా తగిలించాడు. అర్ధరాత్రి గాలి బాగా వీచే వేళ నీళ్ళు కాగుతాయి, ఆ తర్వాత రోజంతా గీజరు ఊసెత్తకూడదు.

కాగితంలో ఇస్త్రీకీ ఓవెన్‌కీ మధ్య ఒక వరస ఉంది: అమ్మ స్నానం, పొద్దున పది.

"ఎల్లుండి నుంచి ఆ వరస రాయక్కర్లేదు," అన్నాడు విల్మార్ కాగితం వైపే చూస్తూ.

శుక్రవారం అతని తల్లి దోన్యా అమాబెలియాని వృద్ధాశ్రమంలో చేర్పిస్తున్నారు. ఆవిడకి ఎనభై ఆరేళ్ళు. మతిమరుపు ఎప్పటినుంచో ఉంది కానీ, ఈ రెండు నెలలుగా సాయంత్రమైతే మనిషి మనిషిలా ఉండట్లేదు. ఆవులు అరుస్తున్నాయంటుంది, పని మిగిలిపోయిందంటుంది, గేటు తీసుకుని వీధిన పడుతుంది. రెండుసార్లు మూలమీద రొట్టెల కొట్టువాళ్ళు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చారు. ఒకసారి అడ్డం వెళ్ళిన కొడుకుని థర్మోస్‌తో కొట్టింది. సుల్మాకి నడుము పడిపోయింది, నిద్ర కరువైంది. ఆశ్రమం మాట వినగానే గుండె తేలికపడింది, అలా తేలికపడినందుకు ఆ రాత్రే సిగ్గూ వేసింది.

భోజనాలయ్యాక విల్మార్ ఆశ్రమం కాగితాల మీద సంతకాలకి బయల్దేరాడు. సుల్మా వంటింట్లో కూర్చుని అత్తగారి బట్టలకి పేరు కుట్టడం మొదలెట్టింది. అక్కడ బట్టలు కలిసిపోకుండా ప్రతిదానికీ పేరుండాలట. అరవై ఏళ్ళు పాడి చూసుకుని, ముగ్గురు పిల్లల్ని పెంచిన మనిషి లోపావడాకి బడిపిల్ల సంచిలా పేరు కుడుతుంటే సూది సరిగా దిగలేదు.

"నీళ్ళు కాగాయా పిల్లా?" అంది దోన్యా అమాబెలియా, కిటికీ దగ్గర కూర్చుని.

రోజూ అడిగే మాటే. పొద్దున చేశారుగా అని సుల్మా రోజూ చెప్పే జవాబే. ఈసారి ఆ జవాబు నోటిదాకా వచ్చి ఆగింది. అత్తగారు పెళ్ళైన నాటినుంచీ సాయంత్రం ఐదింటికి పాలు పితికి, ఆరింటికి స్నానం చేసి, ఉతికిన బట్టలు కట్టుకుని గుమ్మంలో మాతేకి కూర్చునేది. ఊళ్ళోకి వచ్చేసినా, ఆవులు పోయినా, భర్త పోయినా ఆ స్నానం మారలేదు. అది మారింది మే నెల పదిన, ఫ్రిజ్ మీద మొదటి కాగితం అంటించిన రోజున. రొట్టెల కొట్టువాళ్ళు మొదటిసారి ఆవిడని తీసుకొచ్చింది పన్నెండున. సుల్మా సూది పక్కన పెట్టేసింది.

ఫోను చేస్తే సంస్థలో ఒక అమ్మాయి ఎత్తింది. ఆ పెట్టె గీజరుని ఆపేది రద్దీ ఎక్కువున్న సాయంత్రాల్లో అరగంట, మహా అయితే గంటని చెప్పింది. ఇంట్లో పెద్దవాళ్ళుంటే అదీ అక్కర్లేదు, పక్కనున్న మీట నొక్కమంది. మీట మీద మా ఆయన టేపు చుట్టాడని సుల్మా చెప్పింది. దానికా అమ్మాయి, అసలు మీటతో పనేముంది సెన్యోరా, మూడింటికి వేసి నాలుగున్నరకి కట్టెయ్యండి, ఆరింటికి నీళ్ళు పొగలు కక్కుతూనే ఉంటాయి, రద్దీ వేళ మాకూ భారం ఉండదు, మేం కోరేది అంతే అంది.

విల్మార్ ఆరున్నరకి తిరిగొచ్చాడు. కోటు విప్పకుండానే స్నానాలగదిలోంచి వస్తున్న ఆవిరి చూశాడు.

"ఈ వేళప్పుడు గీజరెవరు వేశారు?"

"నాలుగున్నరకే కట్టేశాను. మూడింటికి కాచిన నీళ్ళు ఆరు దాకా చల్లారవని ముప్ఫై నాలుగేళ్ళు ఆ కుర్చీలో కూర్చున్నవాడికి నేను చెప్పాలా, ముసలోడా?"

అతను సంగతి వినకుండానే మొదలెట్టాడు. ఒక ఇంట్లో వేళ తప్పితే పక్కింట్లోనూ తప్పుతుందన్నాడు, తను ఒక్కడూ పట్టుబట్టబట్టే ఈ ఇల్లు ఓ పద్ధతిలో ఉందన్నాడు. సుల్మా అంతా విన్నాక మే పది సంగతి, పన్నెండు సంగతి చెప్పింది. అంతకుముందు ఎప్పుడైనా ఆవిడ గేటు దాటిందేమో గుర్తు చేసుకోమంది.

విల్మార్ మొహం ఎర్రబడింది. "అంటే నేనే అమ్మని వెళ్ళగొడుతున్నానంటావ్. రేపు ఏ లారీ కిందో పడితే? నువ్వు మాత్రం హాయిగా నిద్రపోదామనుకోలేదూ?"

"అనుకున్నాను. సంతోషపడ్డాను కూడా. అందుకే నాకూ ఇన్నాళ్ళూ ఈ లెక్క తట్టలేదు." ఆమె గొంతు పెంచలేదు, పెంచే ఓపిక లేదు. "బట్టల మిషన్ వేళ జరిపినట్టే మీ అమ్మ వేళనీ జరిపావు. మిషన్‌కి ఎప్పుడైనా ఒకటే."

వంటింట్లో దోన్యా అమాబెలియా తడి జుట్టు దువ్వుకుని, ఉతికిన గౌనుతో కూర్చుని ఉంది. రెండు నెలల తర్వాత ఆ వేళకి ఆవిడ చేతులు ఒళ్ళో కుదురుగా ఉన్నాయి. కొడుకుని చూసి పక్క కుర్చీ చూపించింది.

"కూర్చో. పనంతా అయిపోయింది," అంది.

విల్మార్ నిలబడే ఉన్నాడు. ఆవిడ మాతే చెంబు అందించింది. అందుకోబోయి, ముందు కోటు జేబులోంచి మడిచిన కాగితాలు తీసి బల్లమీద పెట్టాడు. సుల్మా విప్పి చూసింది. సంతకం చోటు ఖాళీగా ఉంది.

"పెన్నిచ్చారు. కళ్ళజోడు మర్చిపోయానని చెప్పి వచ్చేశాను," అన్నాడు. కళ్ళజోడు అతని ముక్కు మీదే ఉంది.

సుల్మా కాగితాలు మళ్ళీ మడిచి పక్కన పెట్టింది.

అతను కూర్చుని చెంబు రెండు చేతుల్తో పట్టుకున్నాడు. "కరువు ఏడాది ఊరంతటికీ కరెంటు వంతులేశాను," అన్నాడు. "ఆసుపత్రి లైను మాత్రం ఒక్కసారీ ముట్టుకోలేదు. ఎవరు తట్టుకోగలరో, ఎవరు తట్టుకోలేరో ముందు చూడాలని కొత్తగా చేరినవాళ్ళకి నేనే పాఠం చెప్పేవాణ్ణి." చెంబు బల్లమీద పెట్టాడు. "సొంతింట్లో చూసుకోలేదు."

"చల్లారిపోతోంది, తాగు," అంది తల్లి.

"అమ్మా, నేను తప్పు చేశాను."

"ఏం తప్పురా?"

ఆవిడకి రేపటికి గుర్తుండదని అతనికి తెలుసు. అయినా తప్పించుకోలేదు, తల్లి చెయ్యి పట్టుకున్నాడు.

"సాయంత్రాలు నువ్వు తిరగబడుతున్నావని అందరికీ చెప్పుకున్నాను. నీ వేళ లాగేసుకుంది నేనమ్మా. తప్పు నీది కాదు, నాది."