గోనెసంచుల అర్రలో యాడి

జనగామ నుంచి కొడకండ్ల పోయే రోడ్డు మీద ఉన్న జిన్నింగ్ మిల్లు గేటుకు ఆ పొద్దున ఎవరో చీర ఉయ్యాల కట్టేశారు. ఒక కొస వేపచెట్టుకు, ఇంకో కొస గేటుకు. ఉయ్యాలలో పాప. గేటు బయట పత్తి లారీ. లారీ డ్రైవర్ హారన్ మీద పెట్టిన చెయ్యి తీయడం లేదు.

సూపర్‌వైజర్ ఉపేందర్ బండి దిగుతూనే గొంతు పెంచాడు.

"ఎవల్ది ఈ ఉయ్యాల?"

"మెల్లగ మాట్లాడు సారు. గిప్పుడే పండుకుంది."

చెట్టు కింద నలుగురైదుగురు పిల్లలకు బువ్వ తినిపిస్తున్న అమ్మాయి లేచి వచ్చింది. ఎర్ర చున్నీ నడుముకు బిగించి ఉంది. కళ్ళలో భయం మచ్చుకైనా లేదు.

"గేటు తియ్యాలె."

"తియ్యి. పిల్ల లేస్తే మాత్రం నువ్వే ఊపాలె."

"ఇది మిల్లు. బాలవాడి గాదు!"

"బాలవాడి బంద్. బడి బంద్. బస్సులు బంద్. తెలంగాణ రావాల్నా వద్దా సారు?"

"రావాలె."

"మరి గప్పటిదాక మా తల్లులు పని మానుకోవాల్నా?"

ఉపేందర్ హారన్ ఆపమని డ్రైవర్‌కు చెయ్యి ఊపాడు. సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులవి. ఆటోల్లో తండా నుంచి వచ్చి పత్తిలో చెత్త ఏరే ఆడవాళ్ళు పిల్లల్ని ఎక్కడ వదలాలో తెలియక వెంట తెచ్చుకుంటున్నారు. పిల్లలు గేటు దాటకూడదని సేటు హుకుం. అందుకని కాలేజీ మూతపడి ఖాళీగా ఉన్న ఈ అమ్మాయి, సంగీత, వాళ్ళను గేటు బయటే పెట్టుకుని కూర్చుంటోంది. ఉయ్యాలలో ఉన్నది ఆమె వదిన తారి కూతురు, లచ్చి.

ఆ హారన్ మోతకు లచ్చి లేవనే లేచింది.

"యాడీ! యాడీ!"

ఉపేందర్‌ది దంతాలపల్లి. వాళ్ళ ఊళ్ళో ఏడ అన్నా యాడ అన్నా ఒకటే. పాపం, చిన్నపిల్ల ఎక్కడ, ఎక్కడ అని వెతుక్కుంటోంది అనుకున్నాడు. గబుక్కున ఉయ్యాల మీదికి వంగాడు.

"ఈడనే! ఈడనే ఉన్న బిడ్డా!"

లచ్చి ఏడుపు ఠక్కున ఆగింది. అతని మీసాన్ని కాసేపు పరిశీలించి, ఎత్తుకోమని రెండు చేతులూ చాపింది. అప్పుడే పాలివ్వడానికి పరిగెత్తుకొచ్చిన తారి పకపకా నవ్వింది. సంగీతైతే నవ్వాగక చెట్టు పట్టుకుని నిలబడింది.

"ఏమైంది? నేనేమన్న?"

"ఏం లే సారు. మంచి జవాబే చెప్పినవ్."

మరునాటి నుంచి అతను బండి దిగడం ఆలస్యం, పిల్లలంతా "యాడీ" అని కోరస్. ఇతనేమో చెయ్యి ఊపుతూ "ఈడనే, ఈడనే" అనడం. లోపల ఆడవాళ్ళు చెంగులు నోటికి అడ్డం పెట్టుకోవడం. ఏదో ఉంది, అదేమిటో అంతు చిక్కదు. అన్నం సయించలేదంటే నమ్మండి.

"యాడి అంటే ఏడ అనే గదా?" అని ఆరా తీశాడు.

"గట్లనే అనుకో," అంది సంగీత.

"మరి దినాం నన్నే ఎందుకు అడుగుతరు?"

"ఈడనే అంటవని!"

ఆటో నడిపే వాల్యాను పట్టుకున్నాడు. వాల్యా దండం పెట్టాడు. "నేను చెప్తే సంగీత నన్ను తండాల అడుగు పెట్టనియ్యది. జర నన్ను ఇడిసిపెట్టు సారు."

అర్థం తెలుసుకోవాలని మొదలైన తిరుగుడు, చెప్పే మనిషిని చూడాలనే తిరుగుడుగా ఎప్పుడు మారిందో ఉపేందర్‌కే తెలియదు.

ఒక మధ్యాహ్నం వాన విరుచుకుపడింది. తడవకుండా పత్తి మీద పట్టాలు కప్పిస్తున్న ఉపేందర్ గేటు వైపు చూసి అదిరిపడ్డాడు. పిల్లలు ఆగి ఉన్న లారీ కిందికి దూరారు. లచ్చిని చంకనేసుకున్న సంగీత తడుస్తూనే ఒక్కొక్కరిని బయటికి లాగుతోంది. అతను పరుగున వెళ్ళి మిగతా పిల్లల్ని ఎత్తుకొచ్చి, గోనెసంచులు వేసే అర్ర తాళం తీశాడు.

"సేటు తిడ్తడు," అంది సంగీత, జుట్టు పిండుకుంటూ.

"తిట్టనీ. పత్తికి పట్టా కప్పుతున్నం, పిల్లలకు నీడ లేదు."

ఆమె అతన్ని ఎగాదిగా చూసింది. తర్వాత ఉయ్యాల చీర కొస అతని చేతికిచ్చింది. ఒకవైపు అతను, ఒకవైపు ఆమె దూలానికి ఉయ్యాల కట్టారు. అతని ముడి ఊడిపోయింది. ఆమె మళ్ళీ కట్టింది. వాన తగ్గకపోతే బాగుండునని అతనికి గట్టిగా అనిపించింది.

తెల్లారి సేటు వచ్చి అర్ర చూశాడు. మిల్లు దద్దరిల్లింది.

"ఎవడు రానిచ్చిండు వీళ్ళను? రేపటి సంది పిల్లలున్నోళ్ళు పనికి రావద్దు!"

"గట్లనకు సేటు," తారి గంపతోనే ముందుకొచ్చింది. "పని పోతే మా పొయ్యి మీద కుండ ఎక్కది."

"ఏ పిల్లనో మిషన్ దిక్కు పోతే ఎవడు జవాబుదారి? చెప్పు, ఎవడు?"

ఆ అరుపులకు బెదిరిన లచ్చి అర్రలోంచి తప్పటడుగులు వేస్తూ వచ్చి ఉపేందర్ ప్యాంటు పట్టుకుంది.

"యాడీ!"

"ఏడ, ఏడ అని ఏం అడుగుతుంది గిది?" విసుక్కున్నాడు సేటు.

సంగీత తల వంచుకుంది. "అడుగుతలేదు సేటు. పిలుస్తుంది. యాడి అంటే మా భాషల అమ్మ."

హమాలీలు గొల్లున నవ్వారు. ఉపేందర్ చెవులు ఎర్రబడ్డాయి. అంటే ఇన్నాళ్ళూ అమ్మా అంటే ఈడనే ఉన్న అన్నాడా! సిగ్గుతో చచ్చిపోయాడు. కానీ లచ్చి ప్యాంటు వదల్లేదు. వంగి దాన్ని ఎత్తుకున్నాడు.

"జవాబుదారి ఎవడని అడిగినవ్ గద సేటు. పిల్లనే చెప్పింది. నేనే. వీళ్ళకు ఏమన్న అయితే నా నౌకరి తీసెయ్."

తారి చేతిలోని గంప కింద పెట్టింది. "గా అర్ర లేకుంటే మేం గుడ రాం." ఒకరి తర్వాత ఒకరు గంపలు దించారు.

సేటు వాకిట్లో పత్తి గుట్టను చూశాడు. మబ్బు పట్టిన ఆకాశాన్నీ చూశాడు. సమ్మె రోజుల్లో కొత్త కూలీలు దొరకడం కల్ల.

"సంచులు ఓ మూలకు జరపుర్రి," అని గొణిగాడు. "మిషన్ దిక్కు ఇనుప జాలి కొట్టించు. పిల్లలను చూసుకునే గీ పిల్లకు గుడ కూలి కట్టు. తప్పుతదా!"

సాయంత్రం ఉపేందర్ అర్ర గుమ్మంలో నిలబడ్డాడు.

"ఇన్ని దినాలు నన్ను అమ్మను చేసి ఆడుకున్నవ్."

"నువ్వే గద ఒప్పుకున్నవ్!"

"మరి మీ భాషల నాయిననేమంటరు?"

"బా."

"యాడి నౌకరి మంచిగనే ఉంది సంగీతా. గని నాకు బా కావాలని ఉంది. నువ్వు యాడి, నేను బా. ఏమంటవ్?"

సంగీత ఉయ్యాల ముడి విప్పింది. మళ్ళీ కట్టింది. మళ్ళీ విప్పింది.

"మా బాను అడుగు," అంది చివరికి. ఈసారి సారు అనలేదు.

అడగడం అంత సులువా? ఉపేందర్ తల్లి మనోరమ "తండా పిల్లనా?" అని చాలా రోజులు కొడుకుతో మాట మానేసింది. సమ్మె ముగిసి బస్సులు తిరిగాక, "చూసొస్త. చూసుడే, ఒప్పుకునుడు గాదు," అంటూ కొడుకు వెంట బయల్దేరింది.

తండాలో సంగీత వాళ్ళ వాకిట్లో మంచం అంచున బిగుసుకుని కూర్చుంది. ఎదురుగా సంగీత తండ్రి దేవ్‌సింగ్. ఇచ్చిన చాయ్ చల్లారుతోంది.

"మీ ఇంట్ల నా బిడ్డకు ఇజ్జత్ ఉంటదా?" దేవ్‌సింగ్ సూటిగానే అడిగాడు. మనోరమ చాయ్ గ్లాసును పక్కకు జరిపింది.

లోపల నిద్ర లేచిన లచ్చి కళ్ళు నలుపుకుంటూ వాకిట్లోకి వచ్చింది. తారి నీళ్ళకు పోయింది. మనోరమ కొత్త ముఖం చూసి పిల్ల బావురుమంది.

"యాడీ! యాడీ!"

మనోరమకు ఎవరూ ఏమీ చెప్పలేదు. చటుక్కున లేచి పిల్లను గుండెకు హత్తుకుంది.

"ఈడనే ఉన్న బిడ్డా! ఈడనే!"

ముందుగా నవ్వింది దేవ్‌సింగే. మనోరమ బిత్తరపోయింది.

"ఏంది? తప్పన్ననా?"

"లేదు అత్తమ్మా," గుమ్మంలోంచి సంగీత గొంతు తడిగా వచ్చింది. "మీ కొడుకన్నది తప్పు. నువ్వన్నది ఒప్పే."

"అత్తమ్మనా? నేనింక ఒప్పుకోనే లేదు గదనే!"

అంటూనే మనోరమ పిల్లను జోకొడుతూ మళ్ళీ మంచం మీద కూర్చుంది. ఈసారి అంచున కాదు, మధ్యలో.

"ఊకె నిలబడ్డవేంది? పిల్లకు పాలు తే. చాయ్ గుడ జర ఎచ్చవెట్టు."