నోవైలో చెరువు వైపు ఫ్లాట్

అమెరికాలోని నోవైలో మన తెలుగువాళ్ళని ఎవరినైనా అడగండి. చెరువు వైపు ఫ్లాట్ అంటే చాలు — మాట మార్చేస్తారు.

చూడ్డానికి మంచి ఫ్లాటే. మూడో అంతస్తు, కిటికీ తీస్తే గడ్డకట్టిన చెరువు, స్కూల్ దగ్గర. అయినా ఆ చలికాలమంతా ఎవరూ దిగలేదు. అర్ధరాత్రి దాటాక వంటింట్లో లైటు వెలుగుతుందట... గొంతు తగ్గించి ఎవరో మాట్లాడతారట. తెలుగు కాదు, ఇంగ్లీషూ కాదు. మాట్లాడి, బదులు కోసం ఆగినట్టు ఆగుతారట. బదులు రాదు. మళ్ళీ మొదలు...

ఆ వంటింట్లోనే యోషికో అనే జపాన్ ఆవిడ పోయింది. భర్త కార్ల కంపెనీలో ఇంజనీరు, ఆఫీస్‌లో ఉన్నాడు. పట్టపగలు గుండె పట్టుకుని కూలిపోయింది. ఫోన్ చేతిలోనే ఉంది. భర్త ఎత్తకపోతే ఇంకెవరికి చెయ్యాలో, ఏ భాషలో చెప్పాలో తెలియలేదు. సాయంత్రం ఆయన వచ్చేదాకా అలాగే...

వారం తిరక్కుండా కంపెనీ ఆయన్ని హోటల్‌కి మార్చింది. సామాను తీయించింది, ఫ్లాట్ అప్పజెప్పింది. మనిషి పోతే ఇంట్లోవాళ్ళకి మైల. అద్దెకిచ్చేవాళ్ళకి — ఖాళీ.

ఆ ఖాళీ నింపే పని స్పందన మీద పడింది.

స్పందన పని, పరాయి దేశాల నుంచి వచ్చినవాళ్ళకి అద్దె ఇళ్ళు చూపించడం. తెలుగువాళ్ళతో తెలుగు, జపాన్ వాళ్ళతో జపనీస్. ఆ భాష జపాన్‌లోని నగోయాలో ఉద్యోగం చేసినప్పుడు వచ్చింది. అక్కడ ఏ ఇల్లు అడిగినా "విదేశీయులకు ఇవ్వమండీ" అని వంగి నమస్కారం పెట్టి మరీ చెప్పేవారు. చివరికి దొరికింది, ఎవరో పోయిన గది. బతికున్నవాళ్ళంతా తలుపులు వేసుకుంటే చచ్చినవాడు చోటిచ్చాడు. అందుకే ఆమెకి దెయ్యాలంటే భయం లేదు. ఇళ్ళ యజమానులంటేనే ఒళ్ళుమంట.

ఆ గది ఇచ్చిన ఏజెంట్ మాత్రం జరిగింది దాచలేదు. ఎదురుగా కూర్చోబెట్టి అంతా చెప్పాడు. ఆ పద్ధతి ఆమెకి మనసులో నాటుకుంది.

"ఇది మిషిగన్ అమ్మా, జపాన్ కాదు," అన్నాడు లీజింగ్ ఆఫీస్ మేనేజర్ పద్మనాభం. "వాళ్ళు అడగలేదు, మనం చెప్పక్కర్లేదు. అయిపోయింది."

"ఇల్లు హక్కు అంకుల్, సరుకు కాదు. దాచడమంటే అబద్ధం చెప్పడమే."

"బాగుంది స్లోగన్. టీషర్ట్ మీద వేయించుకో. శనివారానికి ఆ పిల్లలు దిగకపోతే ఫ్లాట్ ఇంకో ఏజెంట్‌కి ఇచ్చేస్తా. వాడికి స్లోగన్లు రావు."

ఆ పిల్లలంటే ఉషా, ఈషాన్ — కొత్తగా వచ్చిన తెలుగు జంట. ఉషాకి ఏడో నెల. సూట్‌కేసుల మధ్య హోటల్ గదిలో ఉన్నారు. స్పందన వాళ్ళకి ఏదీ దాచలేదు.

"పోయారంటే పోయారు అక్కా, అందరం పోయేవాళ్ళమే," అంది ఉషా ఫోన్లో. "కానీ ఆవిడ ఇంకా... ఉందా? అది చెప్పు. నువ్వు అబద్ధం ఆడవు. నువ్వు లేదంటే కళ్ళు మూసుకుని దిగిపోతాం."

"ఒక రాత్రి నేనే ఉండి చూసి చెప్తా."

"ఒక్కదానివా? పిచ్చా అక్కా నీకు?"

పిచ్చి కాదు, కోపం. ఆ కోపంతోనే ఆ రాత్రి ఫ్లాట్‌కి వెళ్ళింది.

హాల్లో గోడకి ఆనుకుని, కోటు కూడా విప్పకుండా కూర్చుంది. లైటు వేయలేదు. బయట మంచు పడుతోంది. హీటర్ ఓసారి గుర్రుమని ఆగిపోయింది. కునుకు పడుతూ ఉంది... పడుతూ ఉంది...

మెట్ల మీద అడుగులు.

ఎక్కుతున్నాయి. ఆగాయి. తలుపు అవతలే ఆగాయి.

తాళంచెవి తిరిగింది.

చలిగాలి ఒక్కసారి మొహాన కొట్టింది... తలుపు మూసుకుంది. కారిడార్ వెలుతురు కూడా పోయింది. చీకట్లో బూట్లు విప్పుతున్న చప్పుడు — తొందర లేకుండా, ఒకటి... ఇంకొకటి.

దెయ్యాలు బూట్లు విప్పుతాయా?

"తదైమ," అంది ఓ గొంతు. మెల్లగా, అలిసిపోయి.

ఇంటికొచ్చినవాళ్ళు గుమ్మంలో అనే మాట అది. వచ్చేశాను, అని. ఆ మాటని గుమ్మంలో ఒంటరిగా వదలకూడదని నగోయాలో కింది వాటా ముసలావిడ నేర్పింది. లోపల ఎవరుంటే వాళ్ళు పలకాలి. ఏళ్ళ తరబడి అని, విని, నాలుకకి అలవాటైపోయింది. ఆలోచన కంటే ముందు నోరు పలికేసింది —

"ఒకయెరి." వచ్చావా, అని.

అటు ఊపిరి ఆగిపోయింది.

"యోషికో?"

అప్పటికి తెలిసింది స్పందనకి. దెయ్యం కాదు. భర్త. పాత లీజులో పేరున్న హిరాయ్ గారు. తాళం ఎవరూ మార్చలేదు. రాత్రిళ్ళు వస్తున్నది ఈయనే. వంటింట్లో లైటు వేసుకుని, భార్యతో మాట్లాడి, బదులు కోసం ఆగి, మళ్ళీ మాట్లాడి...

లైటు వెయ్యాలి. "క్షమించండి, నేను ఏజెంట్‌ని" అనాలి. నెమ్మదిగా లేచి స్విచ్ మీద చెయ్యి వేసింది.

ఆయన గుమ్మంలోనే కూలబడ్డాడు. ఏడుపు ఆపుకుంటున్నాడు, ఆగడం లేదు.

"ఆ రోజు నువ్వు ఫోన్ చేశావు. మీటింగ్‌లో ఉన్నాను. ఫోన్ బోర్లా పెట్టేశాను, యోషికో. బోర్లా పెట్టేశాను..."

స్పందన చెయ్యి కదల్లేదు.

"రేపు నన్ను జపాన్ పంపించేస్తున్నారు. అస్థికలు తీసుకెళ్తున్నాను. కానీ నువ్వు ఇక్కడే ఉండిపోతావేమోనని... నీకు దారి తెలీదు. భాష రాదు. ఈ దేశానికి నేనే తెచ్చాను నిన్ను. నాతో వస్తావా? ఒక్క మాట చెప్పు. చెప్పకపోతే నేను కదల్లేను."

ఆయన్ని కంపెనీ ఏమీ అడగలేదు. పద్మనాభం అడగలేదు. నోవైలో దెయ్యం గురించి అంతమంది మాట్లాడుకున్నారు, ఆ మొగుడు ఏమయ్యాడని ఒక్కరూ అడగలేదు. స్పందన కూడా అడగలేదు.

స్విచ్ వేలికింద చల్లగా ఉంది. నొక్కితే నిజం.

నొక్కలేదు.

"వస్తాను," అంది జపనీస్‌లో, గొంతు బాగా తగ్గించి. "మీతోనే వస్తాను. పదండి."

ఆయన నేలకి నుదురు ఆనించాడు. లేచి బూట్లు వేసుకున్నాడు. ఇక వంటింటి వైపు వెళ్ళనే లేదు. తలుపు బార్లా తీసి, పక్కకి జరిగి తల వంచుకుని నిలబడ్డాడు — వెనక వచ్చేవాళ్ళకి దారిచ్చినట్టు. ఒక మనిషి దాటేంత సేపు ఆగి, అప్పుడు మూశాడు.

స్పందన కిటికీలోంచి చూసింది. మంచులో కారు దగ్గరికి నడిచాడు. ముందు రెండోవైపు తలుపు తీశాడు. ఆగాడు. చెయ్యి అడ్డం పెట్టి, తల తగలకుండా చూసి, మెత్తగా వేశాడు. అప్పుడు తను ఎక్కాడు.

కారు వెనక ఎర్రలైట్లు మంచులో కలిసిపోయాయి.

స్పందన వెక్కి వెక్కి ఏడ్చింది. తన జన్మలో ఇంత పెద్ద అబద్ధం ఆడలేదు. ఆడినందుకు బాధా లేదు. మొహం తుడుచుకుని ఫోన్ తీసి మెసేజ్ టైప్ చేసింది.

"ఉషా, ఏమీ లేదు. పాపం ఒక పెద్దాయన, అంతే. హాయిగా దిగండి."

పంపబోతుంటే —

వంటింట్లోంచి... ఒక ఆడగొంతు. అప్పుడే నిద్రలోంచి లేచినట్టు, మెల్లగా, జపనీస్‌లో —

"ఆయన వచ్చారా?"