మొదటి ర్యాంకు ఫైలు

ఉదయం పది గంటల ఇరవై నిమిషాలు.

స్టేషన్‌లోకి పరుగెత్తుకొచ్చిన ఆవిడ కాళ్లకు రెండు వేర్వేరు జతల చెప్పులున్నాయి. ఆ సంగతి ఆవిడకు తెలియదు.

“నా ఫైలు పోయింది,” అంది.

ఎస్సై తలెత్తి చూసింది. “ఏం ఫైలు?”

“నీలం ఫైలు. డిగ్రీ, పుట్టినతేదీ, అనుభవం... అన్నీ అసలు సర్టిఫికెట్లు. సాయంత్రం ఐదులోపు చూపించకపోతే ఉద్యోగం పోతుంది మేడం.”

“ఏ ఉద్యోగం?”

“సమాచార శాఖలో పౌర సంబంధాల అధికారి. ఒక్కటే పోస్టు. నాకు మొదటి ర్యాంకు.”

“మళ్లీ రాసుకోవచ్చుగా?”

“వచ్చే నెలకి వయసు దాటిపోతుంది. ఇది ఐదోసారి. ఇదే ఆఖరు.”

ఎస్సైకి ముప్ఫై రెండేళ్లు. తన పరీక్ష ఒక్క దెబ్బకే గట్టెక్కింది. ఐదుసార్లు రాసేవాళ్లంటే ఆమెకు జాలీ ఉంది, కొంచెం చులకనా ఉంది. టోపీ పెట్టుకుని లేచింది.

పది యాభైకి ఆవిడ ఇంట్లో ఉంది. రెండు గదులు, ఒక వసారా. ఫిర్యాదుదారు ఒక పత్రికలో ప్రూఫ్‌రీడర్. అన్నావదినల దగ్గర ఉంటుంది. బీరువా పగలలేదు. తాళంచెవి ఎప్పటిలాగే ఫ్రిజ్ మీదే ఉంది.

“ఆఖరిసారి ఎప్పుడు చూశారు?”

“రాత్రి ఎనిమిదికి. మా సబ్ ఎడిటర్ వచ్చింది. ఇద్దరం కలిసి జిరాక్సులు సర్దుకున్నాం.”

“ఆవిడకెందుకు జిరాక్సులు?”

ప్రూఫ్‌రీడర్ తటపటాయించింది. “తనది రెండో ర్యాంకు.”

ఎస్సై వదినవైపు తిరిగింది. “పొద్దున ఇంట్లో ఎవరెవరున్నారు?”

“మేం ముగ్గురమే. ఆయన ఎనిమిదిన్నరకి ఆఫీసుకెళ్లారు. ఈవిడ స్నానానికెళ్లింది. నేను వంటింట్లో. వీధి తలుపు తెరిచే ఉందండీ.”

“అంటే ఎవరైనా రావచ్చు.”

“తాళం ఎక్కడుంటుందో తెలిసినవాళ్లయితే రావచ్చు,” అంది వదిన మెల్లగా.

గడువు అడుగుదామని ఎస్సై సమాచార శాఖకు వెళ్లింది. పదకొండు ఇరవై అయింది. డిప్యూటీ డైరెక్టర్ ఆమె చెప్పింది విని, నొసలు చిట్లించి, ఒక కాగితం ముందుకు తోశాడు.

“ఆవిడ వద్దనుకుంది కదమ్మా?”

కంప్యూటర్ మీద టైపు చేసిన అర్జీ. కింద ప్రూఫ్‌రీడర్ సంతకం. మీద తపాలా విభాగం ముద్ర, పది గంటల ఐదు నిమిషాలు. కుటుంబ కారణాల వల్ల ఉద్యోగం వదులుకుంటున్నానని సారాంశం.

“ఎవరిచ్చారు?”

“గుమ్మం దగ్గర పెట్టెలో పడేసి వెళ్లారు. కవరు కూడా లేదు.”

“ఇది దొంగ అర్జీ అయితే?”

“రుజువు తెండి, పక్కన పెడతాం. కానీ అసలు పత్రాలు మాత్రం ఐదులోపు ఈ బల్లమీద ఉండాలి. ఆ గడువు పెంచే అధికారం నాకు లేదు.”

ఇంకేముంది! మొదటి ర్యాంకు తప్పుకుంటే లాభం ఎవరికి? ఎస్సై క్షణం ఆలోచించలేదు. పదకొండు నలభైకి సబ్ ఎడిటర్‌ని స్టేషన్‌లో కూర్చోబెట్టింది.

“పొద్దున పదింటికి ఎక్కడున్నావు?”

“బస్సులో.”

“టికెట్?”

“పాసు.”

“చూసినవాళ్లు?”

“బస్సులో నన్నెవరు చూస్తారు మేడం?”

“ఫైలెక్కడ?”

“నాకు తెలీదు.”

“నిన్న నీ చేతుల్లోనే ఉందిగా?”

“దాని చేతుల్లోనూ ఉంది!”

అప్పటికి ప్రూఫ్‌రీడర్ వాళ్లన్నయ్య ఆఫీసులో సెలవు పెట్టి వచ్చాడు. ప్రభుత్వ కార్యాలయంలో రికార్డు గుమాస్తా. ఇస్త్రీ చొక్కా, చేతిలో నీళ్లసీసా. చెల్లెలి పక్కన కూర్చుని మూత తీసి ఇచ్చాడు.

“ఊరుకో అమ్మడూ, నేనున్నాగా. స్నేహితులని అంత నెత్తికెక్కించుకోకు అని ఎన్నిసార్లు చెప్పాను? విన్నావా?”

ఆ మాట బాగా తగిలింది. ప్రూఫ్‌రీడర్ లేచి గదిలోకి వెళ్లి, పదేళ్లుగా పక్కబల్ల మీద పనిచేస్తున్న స్నేహితురాలి చెంప ఛెళ్లుమనిపించింది. సబ్ ఎడిటర్ కళ్లజోడు ఎగిరి గోడకు తగిలింది. ఎస్సై ఆపలేదు. ఆపి ఉండొచ్చు. దెబ్బకి నిజం రాలుతుందేమోనని చూసింది.

ఏమీ రాలలేదు. ఒంటిగంట దాకా పిండినా రాలలేదు.

ఒంటిగంట పదికి ఎస్సై విసుగెత్తి ఆ అర్జీని ప్రూఫ్‌రీడర్ ముందు పడేసింది. అంతవరకూ ఆమెకు సంతకం ఒక్కటే చూపించింది.

“మొత్తం చదవండి. ఇది మీ స్నేహితురాలి రాతేనా?”

ప్రూఫ్‌రీడర్ చదివింది. ‘ఈ క్రింద సంతకం చేసిన నేను...’ అన్నచోట ఆమె వేలు తనంతట తానే ఆగిపోయింది.

“ఇది తను రాయలేదు,” అంది.

“ఎలా చెప్తారు?”

“మా పత్రికలో ‘కింద’ అనే రాస్తాం. క్రారవడి ఉండదు. పదిహేనేళ్లుగా కొట్టేస్తున్నాను. తను చేరిన కొత్తలో దానిమీద రోజూ నాతో తిట్లు తినేది. ఇప్పుడు కలలో కూడా రాయదు.”

“కావాలని రాసి ఉండొచ్చు మేడం,” అన్నాడు స్టేషన్ రైటర్. “దొంగకి ఆ మాత్రం తెలివుండదా?”

అదీ నిజమే. ఎస్సై కాగితం తీసుకుని కిటికీ దగ్గరకు నడిచింది. ఎండకు ఎత్తి పట్టుకుంది.

అప్పుడు కనిపించింది. ఎడమ అంచుకు రెండు అంగుళాల లోపల, పైనుంచి కింది దాకా సన్నటి మడత. పొద్దున్నించీ చూస్తూనే ఉంది. కవరు మడత అనుకుంది. కానీ కవరు లేదన్నారు కదా! పైగా కవరు మడత అడ్డంగా ఉంటుంది. ఇది నిలువు.

తెల్లకాగితాలు తెప్పించి, వదినకూ కబురు పంపింది.

రెండున్నరకి అందరినీ ఒకే బల్ల చుట్టూ కూర్చోబెట్టింది. ప్రూఫ్‌రీడర్, సబ్ ఎడిటర్, వదిన, అన్నయ్య. తలా ఒక తెల్లకాగితం, ఒక పెన్ను.

“పొద్దున లేచినప్పటి నుంచీ ఏం చేశారో రాయండి. అంతే.”

వదిన గీతల కాగితం కావాలంది. సబ్ ఎడిటర్ వాచిన చెంప మీద చెయ్యి పెట్టుకుని అంచు నుంచి అంచు దాకా గబగబా రాసుకుపోయింది. ప్రూఫ్‌రీడర్ పెన్ను ముట్టుకోలేదు.

అన్నయ్య కాగితాన్ని తన వైపు లాక్కున్నాడు. ఎడమ అంచు రెండు అంగుళాలు లోపలికి మడిచాడు. బొటనవేలి గోరుతో పైనుంచి కిందికి సర్రున గీశాడు. మడత విప్పాడు. తర్వాత పెన్ను మూత తీశాడు.

“ఆగండి,” అంది ఎస్సై.



“ఎందుకు మడిచారు?”

“మార్జిన్ కోసం. ఆఫీసులో అందరం అలాగే...”

“టైపు చేసిన కాగితానికి మార్జిన్ మెషినే వదుల్తుంది కదా సార్. దాన్నెందుకు మడిచారు?”

అర్జీని ఆయన కాగితం పక్కన పెట్టింది. రెండు మడతలూ ఒక్క నూలుపోగు కూడా తేడా లేకుండా ఉన్నాయి.

అన్నయ్య రెండు మడతలనూ వేలితో తడిమాడు. “ఇరవై ఆరేళ్ల అలవాటు,” అన్నాడు చివరికి. తనలో తను అనుకున్నట్టు.

“సంతకం?”

“దాని పాత దరఖాస్తు మీద పెట్టి దిద్దాను.”

“ఫైలు?”

“మా రికార్డు రూములో.”

ప్రూఫ్‌రీడర్ కుర్చీలోంచి సగం లేచింది. “పదండి మేడం! ఇంకా రెండుగంటల పైనే ఉంది!”

“రికార్డు రూములో ఎక్కడ?” అంది ఎస్సై.

“చించి పాత కాగితాల బస్తాలో వేశాను. పల్పు మిల్లు లారీ వచ్చింది.”

“ఎప్పుడు?”

“పన్నెండు పదికి వెళ్లిపోయింది.”

పన్నెండు పదికి ఎస్సై ఇదే గదిలో ఉంది. ఒక అమాయకురాలిని బస్సు టికెట్ అడుగుతోంది. అయినా మిల్లుకు ఫోన్ చేసింది. బస్తాలు ఒంటిగంటకే నీళ్ల తొట్టిలో దించేశామన్నారు. సమాచార శాఖకు ఫోన్ చేసింది. డిప్యూటీ డైరెక్టర్ అంతా విని, పాపం అన్నాడు. తర్వాత నిబంధన చదివి వినిపించాడు.

మూడు ఇరవైకి సబ్ ఎడిటర్ ఫోన్ మోగింది. ఆమె విని, “ఇవాళేనా?” అని, “వస్తాను” అంది. రెండో ర్యాంకుకు పిలుపు.

సబ్ ఎడిటర్ కళ్లజోడు తీసి చీర కొంగుతో తుడుచుకుంది. ఒక అద్దం బీటలు వారింది.

“క్షమించవే,” అంది ప్రూఫ్‌రీడర్.

“నా పత్రాలు ఇంట్లో ఉన్నాయి. వెళ్లి రావడానికి గంట పడుతుంది,” అంది సబ్ ఎడిటర్ ఎస్సైతో. సంచీ భుజాన వేసుకుని, ఎవరి ముఖమూ చూడకుండా వెళ్లిపోయింది.

“ఎందుకు చేశారు?” ఎస్సై అడిగింది.

అన్నయ్య నవ్వబోయి మానుకున్నాడు. “నేనూ రాశానండీ ఆ పరీక్ష. ఆరుసార్లు. ఒక్కసారి కూడా ఇంటర్వ్యూ దాకా పోలేదు. ఇది రేపు అధికారిగా మా ఆఫీసుకు కారులో వస్తుంది. నేను లేచి నిలబడాలి. దీనికి ఓనమాలు దిద్దించింది నేను.”

ప్రూఫ్‌రీడర్ ఆయన్నే చూస్తోంది. ఏడవడం లేదు. ప్రూఫులో తప్పు ఎక్కడుందో వెతుకుతున్నదానిలా చూస్తోంది.

“అన్నయ్యా, పోయిన ఏడు నా హాల్ టికెట్ పోస్టులో రాలేదు.”

ఆయన నీళ్లసీసా మూత బిగించాడు.

“అంతకుముందు ఫోటో మీద సంతకం లేదని దరఖాస్తు తిప్పి పంపారు. నేను పెట్టాననే గుర్తు. నువ్వే, మరిచిపోయి ఉంటావులే అన్నావు.”

ఆయన బల్లకేసి చూస్తున్నాడు.

“అంతకుముందు పరీక్ష కేంద్రం మారిందని ఎవరో ఫోన్ చేస్తే వేరే చోటికి వెళ్లాను. మొదటిసారి నువ్వు పోస్టు చేసిన దరఖాస్తు అసలు చేరనే లేదు. నా తలరాత ఇంతేనని ఆ రాత్రంతా ఏడిస్తే నువ్వే అన్నం కలిపి పెట్టావు.” ఆమె ఊపిరి పీల్చుకుంది. “ఎప్పట్నించి?”

“మొదట్నించీ,” అన్నాడు.

వదిన భర్తను చూసి, చటుక్కున కిందకు దిగి ఆడబిడ్డ కాళ్లు పట్టుకుంది. “కేసు పెట్టకమ్మా. ఆయన ఉద్యోగం పోతుంది. ఇంటి పరువు నీ చేతుల్లో ఉంది.”

ప్రూఫ్‌రీడర్ వంగి ఆమె చేతులు విడిపించింది. విసురుగా కాదు. ఒక్కొక్క వేలూ తీసింది.

స్టేషన్ రైటర్ ఫిర్యాదు రాయడానికి పుస్తకం తెరిచాడు. “మీరు చెప్పండమ్మా, నేను రాస్తాను.”

“నేనే రాస్తాను.”

తొందరపడకుండా రాసింది. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఏం చేశారో మొదటి వాక్యంలోనే వచ్చేసింది. కొట్టివేతలు లేవు. ఎస్సై చదివి, దిద్దడానికి ఏమీ లేక, సంతకం చోటు చూపించింది. ఆమె సంతకం చేసింది.

“అమ్మడూ,” అన్నాడు అన్నయ్య. “ఒక్కసారి ఆలోచించు.”

ఆమె గోడ గడియారం వైపు చూసింది.

“ఐదు దాటిందా మేడం?”

“పది నిమిషాలైంది,” అంది ఎస్సై. ఆమె కళ్లలోకి చూడలేకపోయింది.

“అయితే ఇక తొందరేం లేదు.” ప్రూఫ్‌రీడర్ కుర్చీ బల్లకు దగ్గరగా లాక్కుంది. “ఇంకో నాలుగు కాగితాలివ్వండి. మిగతా నాలుగేళ్లవీ రాస్తాను. వేటికవే.”