పేరు చెబితే చాలు

కొత్త సామాను డబ్బా ఇంటికొచ్చిన పూట నారాయణమూర్తికి ఆకలుండదు. ఆ రోజు పొద్దున్న కూడా అంతే. దుర్గ పెట్టిన ఇడ్లీలు ప్లేట్లో చల్లారిపోతున్నాయి. ఆయనగారు మాత్రం హాల్లో చాప మీద చతికిలబడి అట్టపెట్టె టేపు కోస్తున్నాడు. నలభై ఆరేళ్ళ మనిషి. నర్సీపట్నం అబీద్ సెంటర్లో ఫ్లెక్సీల షాపుంది. బజార్లో నలుగురూ మూర్తిగారూ అని పిలుస్తారు. ఆ పెట్టె ముందు కూర్చుంటే మాత్రం బొమ్మ కొనిపించుకున్న చిన్నపిల్లాడే.

"ఈసారి ఏటండీ?" అంది దుర్గ జడ వేసుకుంటూ. ఆవిడ కోటవురట్ల హైస్కూల్లో టీచరు. బస్సుకి టైమైపోతోంది.

"మాట వినే స్పీకరు. అమ్మ కోసం."

"గదులూడ్చే మిషను కూడా అత్తయ్య కోసమే అన్నారు. అది మంచం కిందకి దూరింది, ఇంతవరకూ బయటికి రాలేదు."

"దాని సంగతి ఆదివారం చూస్తానన్నాను కదా," అన్నాడు మూర్తి. ఏ ఆదివారమో ఆయనా చెప్పలేదు, ఆవిడా అడగలేదు.

ఎవరి తత్వం వాళ్ళది, ఏం చేస్తాం. దుర్గ ఏ కొత్త వస్తువునైనా కొన్నాళ్ళు పక్కన పెట్టి, వాడినవాళ్ళని పదిమందిని అడిగిగాని ముట్టుకోదు. కృష్ణదేవిపేటలో ఉండే మూర్తి అప్ప, అంటే అక్క, నూకరత్నానికైతే కుక్కరు విజిలేస్తే ఇప్పటికీ గుండె దడే. మూర్తి వీళ్ళిద్దరికీ పూర్తిగా ఎదురు. లోపలి కాగితంలో ఏముందో చదవకముందే స్విచ్చి వేసేస్తాడు. మొదలెట్టేటప్పుడు ఉండే హుషారు నాలుగో రోజుకి ఉండదు, ఈలోగా ఇంకో డబ్బా వచ్చేస్తుంది. ఇక తల్లి తలుపులమ్మ. ఆవిడకి కొడుకు మొహం వెలిగితే చాలు. వాడేం తెచ్చినా బాగుందిరా అంటుంది, ఎందుకని అడగదు.

మోకాళ్ళు అరిగిపోయి గోడ పట్టుకుని నడిచే మనిషి. కొడుకు పిలిచాడని అలాగే నడిచొచ్చి, ఊరి పెద్దమనిషి ఎదురుపడ్డట్టు పైట సర్దుకుని ఆ డబ్బా ముందు నిలబడింది.

"ఏం లేదమ్మా. హలో అని, ఎవరికి ఫోన్ చెయ్యాలో పేరు చెబితే చాలు. నొక్కక్కర్లేదు, లేవక్కర్లేదు. హాల్లో ఉన్నా బాత్రూంలో ఉన్నా వింటుంది. ఏదీ, నాకు చెయ్యి."

"అలో," అంది తలుపులమ్మ. "బుల్లోడికి ఫోన్ సెయ్ బాబూ."

"ఆ పేరుతో ఎవరూ లేరు," అంది డబ్బా తీయగా.

మూర్తి పకపకా నవ్వాడు. "బుల్లోడంటే దానికేం తెలుస్తుందమ్మా? పేరు చెప్పాలి. నా పేరు."

తలుపులమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేసింది. డబ్బాతో మాట్లాడ్డానికి సిగ్గుపడుతోందనుకున్నాడు కొడుకు. "పోనీ దుర్గకి సెయ్యి," అందావిడ కాసేపటికి. వంటింట్లో దుర్గ ఫోను మోగింది. మూర్తి చప్పట్లు కొట్టాడు. అక్కడితో పరీక్ష అయిపోయింది.

"మిగతా పేర్లు కూడా అత్తయ్య చేత పలికించి చూడండి," అంది దుర్గ చెప్పులేసుకుంటూ.

"అదే వస్తుందిలే, అలవాటైతే."

మిగతా పేర్లంటే ఎన్నో కాదు. డబ్బాలో ఆయన ఎక్కించినవి నారాయణమూర్తి, దుర్గ, అక్క. అప్ప అంటే దానికి యాప్ అని వినపడి ఏదేదో తెరుస్తోంది. అందుకని పుస్తకాల్లో రాసినట్టు అక్క అని మార్చాడు. ఆ సంగతి తల్లికి చెప్పాడా లేదా ఆయనకే గుర్తులేదు.

ఆ వారమే వీధి తలుపుకి వేలిముద్ర తాళం పెట్టించాడు. తాళంచెవితో పనే లేదు. అదే ఊపులో పక్కింటి అప్పలలక్ష్మి దగ్గరికెళ్ళాడు. ఇంట్లో అందరూ పనులకి పోయాక ఆవిడ చిక్కుడుకాయలో, గోరుచిక్కుళ్ళో తెచ్చుకుని తలుపులమ్మ దగ్గర కూర్చునేది. చీకటి పడేదాకా ఇద్దరికీ కబుర్లే.

"ఇక మీరు పని మానుకుని రానక్కర్లేదు పిన్నీ. అమ్మ నోటితో చెబితే చాలు, నేను క్షణంలో ఇంట్లో ఉంటాను."

"అలాగే బాబూ," అంది అప్పలలక్ష్మి. "మిసనొచ్చీసింది కదా, ఇంక మనుసులెందుకు." ఆ మాటలో ఎంత నొప్పుందో మూర్తి చెవికి అందలేదు. మర్నాటి నుంచి ఆవిడ రావడం మానేసింది.

ఓ మంగళవారం దుర్గకి పరీక్ష డ్యూటీ పడింది. టీచర్లందరి ఫోన్లూ హెడ్మాస్టరు గదిలో బీరువాలో పెట్టించారు. మూర్తి షాపులో గుడి జాతర ఫ్లెక్సీలు కొడుతున్నాడు. మధ్యమధ్యలో చేతి వాచీ చూసుకున్నాడు, ఇంటి నుంచి ఫోనొస్తే అందులోనే కనపడుతుంది. ఏమీ లేదు. అమ్మ హాయిగా నిద్రపోతోందనుకున్నాడు. డబ్బా కొన్నందుకు తనని తనే మెచ్చుకున్నాడు కూడా.

మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక అప్పలలక్ష్మి చెప్పుల్లేకుండా షాపు మెట్లెక్కింది.

"బాబూ, మీ అమ్మ మూలుగు వినపడతంది. కూరిద్దామని ఎల్లేను. ఆ తలుపు మీద సెయ్యెట్టి ఎంత నొక్కినా రాలేదు. కిటికీలోంచి పిలిత్తే మాట లేదు."

బండి ఎలా నడిపాడో తెలీదు. తన వేలు పెట్టగానే తలుపు బుద్ధిగా తెరుచుకుంది. తలుపులమ్మ బాత్రూం గడప మీద అడ్డంగా పడి ఉంది. నడుం కింద చీరంతా తడిసిపోయింది. పెదాలు ఎండి పగిలిపోయాయి. షెల్ఫ్ మీద డబ్బా నీలం లైటు వెలుగుతూనే ఉంది.

"వచ్చేవా," అంది తల్లి. ఆ ఒక్క మాటే.

ఆసుపత్రిలో ఎముకల డాక్టరు ఎక్సరే వెలుతురుకి పెట్టి చూశాడు. తుంటి విరిగింది. గుండె పరీక్షలు చూసి, ఈ గుండె ఆపరేషన్‌కి తట్టుకోదు అన్నాడు. నొప్పికి మందులిస్తాను, పుండ్లు పడకుండా మంచం మీద తిప్పుతూ ఉండండి అన్నాడు. మళ్ళీ నడుస్తుందా అని దుర్గ అడిగితే తల అడ్డంగా ఊపాడు.

షేర్ ఆటో దిగి నూకరత్నం వచ్చింది. తల్లిని చూసింది, నుదురు నిమిరింది. తర్వాత తమ్ముణ్ణి వరండాలోకి రమ్మంది.

"పొద్దున్న పడిందంట. నువ్వెల్లింది మజ్జాన్నం. అందాకా అమ్మ గుక్కెడు నీల్లు లేకుండా గచ్చు మీద పడుంది. ఆ లచ్చిమి పిన్నిని ఎందుకు మానిపించేవురా?"

"మానిపించడమేంటప్పా. డబ్బా పెట్టాను కదా."

"ఏటి సేసింది నీ డబ్బా?"

మూర్తి లోపల కుమిలిపోతున్నాడు. కుమిలిపోయేవాడికి కోపం తొందరగా వస్తుంది. "డబ్బాలో తప్పేం లేదు. నెట్టుంది, కరెంటుంది, నేను అన్నీ చూశాను. దుర్గకి మూడుసార్లు ఫోనెళ్ళింది, దాని ఫోను బీరువాలో ఉండిపోయింది. నా ఫోను నా జేబులోనే ఉంది. నాకు ఒక్కసారి చేసుంటే చాలు. అమ్మకి ఇలాంటివంటే మొదట్నించీ పడదు, నేర్చుకోమంటే నవ్వుతుంది. ఎంత పనప్పా? నా పేరు చెప్పాలి, అంతే. పేరు చెబితే చాలని చిలక్కి చెప్పినట్టు చెప్పాను."

 నూకరత్నం తమ్ముడి మొహంలోకి చూసింది.

"నీ పేరు సెప్పమన్నావా?"

"అవును."

"నీ పేరెవరిదిరా?"

"ఎవరిదంటే? తాతది."

"ఆ తాత అమ్మకేటవుతాడు?"

మూర్తి చేతి వాచీకేసి చూసుకున్నాడు. 

"మామగారు," అంది నూకరత్నం. "ఆ పేరు అమ్మ నోటంట ఎప్పుడైనా విన్నావా? గుడిలో అందరూ నారాయణా అంటే అమ్మొక్కతే గోవిందా అంటాది. ఎందుకనుకున్నావు? నువ్వు పుట్టి నలబయ్యారేల్లయింది. అమ్మ నిన్నొక్కసారైనా పేరెట్టి పిలిసిందేట్రా?"

 బళ్ళో వెయ్యడానికి వెళ్ళిన రోజు మేస్టారు పిల్లాడి పేరేంటమ్మా అనడిగితే, అమ్మ తన వీపు మీద చిన్నగా తట్టి నువ్వే సెప్పు బుల్లోడా అన్న సంగతి మూర్తికి ఇప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు అందరి ముందూ గట్టిగా పేరు చెప్పినందుకు ఎంత పొంగిపోయాడో. అమ్మ ఎందుకు చెప్పలేదో ఈ రోజుదాకా ఆలోచించలేదు. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంటే సిగ్గనుకున్నాడు.

"నువ్వు సెడ్డోడివని కాదురా," అంది నూకరత్నం. "నీకెప్పుడూ ఓపిక లేదు. అవతలోల్లు ఏటంటన్నారో వినీదాకా నువ్వు ఆగవు." అని లోపలికెళ్ళిపోయింది. ఆ తర్వాత తమ్ముడితో మాట్లాడలేదు.

తలుపులమ్మని ఇంటికి తెచ్చి హాల్లో కిటికీ పక్కన మంచం వేశారు. నూకరత్నం ఉండిపోయింది. దుర్గా ఆవిడా కలిసి తల్లిని అటూ ఇటూ తిప్పుతున్నారు. పక్క మార్చిన ప్రతిసారీ తలుపులమ్మ పళ్ళు బిగపట్టుకునేది, మూర్తి వీధిలోకి వెళ్ళి నిలబడేవాడు. వేలిముద్ర తాళం పీకించి పాత తాళం పెట్టించాడు. ఒక తాళంచెవి అప్పలలక్ష్మికిచ్చాడు, తలెత్తకుండా. స్పీకరు తీసి దాని అట్టపెట్టెలోనే పెట్టి అటక మీదకి తోసేశాడు.

ఓ పొద్దున్న జావ తాగించాక తల్లి షెల్ఫ్ వైపు చూసింది.

"ఆ డబ్బా ఏదిరా?"

"తీసేశానమ్మా."

"ఎందుకు? ముచ్చటపడి తెచ్చుకున్నావు." కాసేపు ఊపిరి తీసుకుంది. "దాన్నేటనకు. తప్పు నాది. దుర్గకి సెయ్యమన్నాను, మోగింది, ఎవులూ ఎత్తలేదు. రత్నానికి సెయ్యమన్నాను, లేరన్నాది. ఇంక నీ పేరొకటే మిగిలింది. నోటిదాకా వచ్చిందిరా. మావగారు ఎదురుగా నిలబడ్డట్టే అయిపోనాది. బుల్లోడా, బుల్లోడా అని అరిసేను. అది లేరు, లేరు అంతానే ఉంది."

మూర్తి మంచం పక్కన కింద కూర్చుని తల్లి దుప్పటి సర్దాడు.

"పడుకునే ఉన్నాను కదా, మనసులో మావగారికి దణ్ణాలెట్టుకున్నాను. నా కొడుకు కోసం ఒక్కసారి అంతాను, సెమించమన్నాను. తే ఆ డబ్బా. ఈసారి అంతాను. నా... నారా..."

 కళ్ళ చివర్నించి నీళ్ళు కారి చెవుల్లోకి పోతున్నాయి. సగం పేరు పలికినందుకే చెయ్యి లేపి లెంపలేసుకుంది. మూర్తి ఆ చెయ్యి పట్టేసుకున్నాడు.

"వద్దమ్మా. నువ్వా పేరు అనొద్దు. నువ్వు నేర్చుకోవలసిందేం లేదు."

అటకెక్కి డబ్బా దింపాడు. ఎప్పుడూ లేనిది, స్విచ్చి వెయ్యకుండా తల్లి పక్కనే కూర్చుని అడిగాడు. "నువ్వు ఎవర్ని ఏమని పిలుస్తావో ఒక్కొక్కటే చెప్పమ్మా."

ఆవిడ చెప్పింది. మధ్యమధ్యలో ఆగి, అలిసిపోయి, మళ్ళీ చెప్పింది. మూర్తి ఎక్కడా తొందరపెట్టలేదు. రత్నం. దుర్గ. లచ్చిమి. ఆఖర్న బుల్లోడు. ఆవిడ నోట్లో ఎలా పలికితే అలాగే ఎక్కించాడు.

"ఇప్పుడు పిలువు," అన్నాడు.

"అలో. బుల్లోడికి ఫోన్ సెయ్."

"బుల్లోడికి ఫోన్ చేస్తున్నాను," అంది డబ్బా. మూర్తి జేబులో ఫోను మోగింది. ఆ మోత విని నూకరత్నం వంటింటి గుమ్మంలోకి వచ్చింది. తల్లి పక్కనే ఉంది కదా, నవ్వి కట్ చేసెయ్యొచ్చు. మూర్తి ఎత్తి చెవికి పెట్టుకున్నాడు.

"చెప్పమ్మా."

తలుపులమ్మ కొడుకు వైపు చూడలేదు. డబ్బానే చూస్తూ, ఆ రోజు చెప్పాలనుకున్నదే చెప్పింది.

"పడిపోనాన్రా బుల్లోడా. దాహమేత్తంది. బేగి రా."

ఆ మాట మంచం మీంచి ఒకసారి, ఫోన్లోంచి ఒకసారి వినపడింది. మూర్తి ఫోను చెవికి ఆనించుకునే భోరున ఏడ్చాడు. నలభై ఆరేళ్ళ మనిషి, వీధి తలుపు తెరిచి ఉందని కూడా చూసుకోలేదు.

"వస్తున్నానమ్మా," అన్నాడు ఫోన్లో. "వచ్చేస్తున్నాను."

నీళ్ళ కోసం లేచి వంటింటి వైపు తిరిగేసరికి నూకరత్నం గ్లాసూ చెంచా పట్టుకుని ఎదురొచ్చింది. ఆవిడ మొహం కూడా తడిగానే ఉంది. ఇన్నాళ్ళూ మాటాడని మనిషి ఆ గ్లాసు తమ్ముడి చేతిలో పెట్టింది.

"నువ్వే పట్టు," అంది. "నెమ్మదిగా పట్టరా. పొలమారుతాది."